తెల్లకొంగ అంటే ఏ కొంగ? గోదావరి డెల్టాలో ఫొటో తీసి పేరు తేల్చే పద్ధతి

సార్వా (వానాకాలపు వరి) దమ్ములు మొదలయ్యాక కోనసీమలో ఏ చేను పక్కన ఆగినా ట్రాక్టరు వెనక కొంగలు బారులు తీరి ఉంటాయి. అన్నీ తెల్లవే. ఊళ్లో ఎవరినడిగినా అన్నిటికీ ఒకటే పేరు: కొంగ. నిజానికి ఆ గుంపులో నాలుగు జాతులు కలిసి ఉండొచ్చు. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు అక్కడ వంద ఫొటోలు తీస్తారు. ఇంటికెళ్లి కంప్యూటర్లో పెద్దది చేసి చూసినా ఏది ఏదో తేలదు. ఫొటో మసకగా రావడం వల్ల కాదు, జాతిని తేల్చే భాగం ఫొటోలో పడకపోవడం వల్ల. కాళ్లు బురదలో ఉంటాయి, ముక్కు అవతలి వైపు తిరిగి ఉంటుంది, ఈకలేమో ఎండకు కాలిపోయి తెల్ల కాగితంలా వస్తాయి.

అందుకే ఏ భాగం కనిపిస్తే పేరు తేలుతుందో బటన్ నొక్కేముందే తెలిసి ఉండాలి. అది తెలిసినవాళ్లకు మామూలు కెమెరా చాలు. తెలియకపోతే రెండు లక్షల లెన్సు పెట్టినా "బహుశా కొంగ" దగ్గరే ఆగిపోతాం.

నాలుగు తెల్లకొంగలు

అన్నిటికన్నా సులువుగా పట్టుబడేది పశులకొంగ. గేదెల కాళ్ల మధ్య, దమ్ము ట్రాక్టరు చక్రాల పక్కన తిరిగేది ఎక్కువగా ఇదే. పొట్టిది, అర మీటరు పొడవుంటుంది. ముక్కు పొట్టిగా, లావుగా, పసుపుగా ఉంటుంది. గడ్డం కింద ఈకలు ముందుకు పొడుచుకొచ్చి దవడ ఉబ్బినట్టు కనిపిస్తుంది. గుడ్లు పెట్టే కాలంలో తల, మెడ, వీపు నారింజ పసుపుకు తిరుగుతాయి. దీని శాస్త్రీయ నామంలోని కొరొమాండా అన్న మాట మన కోరమాండల్ తీరం పేరు మీద పెట్టిందే.

చిన్న తెల్లకొంగకు ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు. పుస్తకాలన్నీ ఈ పసుపు పాదాల గురించే చెబుతాయి. డెల్టాలో చిక్కు కూడా అక్కడే ఉంది. చేలో నిలబడ్డ కొంగకు పాదాలు నీటిలోనో బురదలోనో ఉంటాయి, పైకెత్తినా బురద పూసుకుని నల్లగానే కనిపిస్తాయి. కాసేపు ఓపిక పడితే దారి అదే చూపిస్తుంది. లోతు లేని నీటిలో చిన్న తెల్లకొంగ ఒక కాలు ముందుకు చాపి వేళ్లను వణికించినట్టు ఆడిస్తుంది. బురదలో దాక్కున్న చేపపిల్లలు, రొయ్యపిల్లలు బెదిరి బయటికొస్తాయి. ఆ పని చేసి కాలు ఎత్తేటప్పుడు నీరు కడిగేసిన పసుపు వేళ్లు ఒక్క క్షణం మెరుస్తాయి. ఆ క్షణం తప్పిపోతే అది ఎగిరేదాకా ఆగాలి. ఎగిరినప్పుడు కాళ్లు తోక వెనక్కి చాచి ఉంటాయి, పాదాలు పూర్తిగా కనిపిస్తాయి.

అసలు తికమక పెద్ద తెల్లకొంగకు, మధ్యరకం తెల్లకొంగకు మధ్య ఉంటుంది. రెంటికీ కాళ్లు నలుపే. మామూలు రోజుల్లో ముక్కు పసుపు, గుడ్లు పెట్టే కాలంలో ముక్కు నలుపు. కాబట్టి ముక్కు రంగు చూసి తేల్చాలనుకుంటే వానాకాలంలో తప్పులో కాలేస్తాం. పరిమాణం చూసి చెబుదామంటే పక్కన ఇంకో పక్షి ఉండాలి. అప్పుడు కూడా ముందున్నది పెద్దగా, వెనకున్నది చిన్నగా కనిపించి మోసం చేస్తుంది. నమ్మదగ్గ గుర్తు నోటి చీలిక. ముక్కు మొదలు నుంచి వెనక్కి వెళ్లే ఆ సన్నని గీత పెద్ద తెల్లకొంగకు కంటిని దాటి వెనక్కి సాగుతుంది. మధ్యరకం దానికి కంటి కిందే ఆగిపోతుంది. ఇది పక్క నుంచి తీసిన ఫొటోలోనే తెలుస్తుంది. తల ముప్పావు వంతు ఇటు తిరిగి ఉంటే గీత ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టం. అందుకని కొంగ సరిగ్గా పక్కకు తిరిగేదాకా ఆగి అయిదారు ఫొటోలు వరసగా తీయాలి.

మెడ కూడా సాయం చేస్తుంది. పెద్ద తెల్లకొంగ మెడ మధ్యలో విరిగినట్టు ఒక మడత ఉంటుంది, తల చదునుగా, ముక్కు పొడుగ్గా ఉంటుంది. మధ్యరకం దానికి తల గుండ్రం, ముక్కు కాస్త పొట్టి, మామూలు రోజుల్లో పసుపు ముక్కు కొన చాలాసార్లు నల్లగా ఉంటుంది. గుడ్లు పెట్టే కాలంలో వచ్చే అలంకార ఈకలు ఇంకో మంచి ఆధారం. పెద్దదానికి వీపు మీదే వస్తాయి. మధ్యరకం దానికి వీపు మీద, రొమ్ము మీద వస్తాయి, తల మీద రావు. చిన్నదానికి తల వెనక రెండు పొడుగాటి ఈకలు వేలాడతాయి.

ఈ నాలుగింటితో పాటు ఎగిరేటప్పుడు మాత్రమే తెల్లబడేది ఇంకొకటుంది, గుడ్డికొంగ. గట్టు మీద కూర్చుంటే మట్టి రంగు చారలతో గట్టులోనే కలిసిపోతుంది. లేచిందంటే రెక్కలు పాల తెలుపు. ఎగిరే ఫొటో ఒక్కటే ఉంటే కొత్తవాళ్లు దీన్ని తెల్లకొంగ కింద రాసేస్తారు. వీపు గోధుమ రంగులో ఉందేమో చూస్తే చాలు. దూరం నుంచి తెల్లగా కనిపించే నత్తగుల్ల కొంగకు రెక్కల అంచులు నలుపు. పెద్ద పక్షికి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, పిల్లలకు ఆ సందు ఉండదు. "సందు లేదు, కాబట్టి ఇది వేరే జాతి" అని రాసిన తప్పులు చాలా కనిపిస్తాయి.

తెలుపు కాలిపోకుండా

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు, ఫ్రేములో ఉన్నదంతా సగటున బూడిద రంగులో ఉంటుందని అనుకుంటుంది. నల్లటి దమ్ము మడిలో ఒక మూల చిన్న తెల్లకొంగ నిలబడి ఉంటే, ఫ్రేమంతా చీకటిగా ఉందని వెలుతురు పెంచేస్తుంది. మడి చక్కగా వస్తుంది, కొంగ తెల్ల మచ్చయిపోతుంది. ఈకలు, నోటి గీత, కంటి ముందు చర్మం రంగు అన్నీ పోతాయి. తర్వాత సాఫ్ట్‌వేరులో తగ్గించినా తిరిగి రావు, ఎందుకంటే అక్కడ నమోదైన సమాచారమే లేదు. ఇలాంటి చోట, కెమెరా ఎంచిన వెలుతురును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1 నుంచి మైనస్ 1.7 దాకా తగ్గించాలి. అదే కొంగ తెల్లటి ఆకాశం ముందు ఎగిరితే లెక్క తిరగబడుతుంది. అప్పుడు ప్లస్ 1 పైకి పెంచకపోతే పక్షి నల్లబడుతుంది.

కొంగ మడిలోంచి ఆకాశంలోకి ఎగిరేది రెండు సెకన్లలో. అంతలో అంకె తిప్పడం కుదరదు. మాన్యువల్ మోడ్‌లో పెట్టి, ఎండలో ఉన్న కొంగ తెలుపుకు సరిపడా ఒకసారి సెట్ చేసుకుని, ఐఎస్ఓ (సెన్సార్ వెలుతురును పట్టే సున్నితత్వం) కూడా ఒకచోట కట్టేయడమే మేలు. ఎండ మారనంత సేపు వెనక చేనున్నా, నీరున్నా, ఆకాశమున్నా కొంగ తెలుపు ఒకేలా వస్తుంది. ఉదయం ఎండలో షటర్ 1/2000, ఎఫ్6.3, ఐఎస్ఓ 400 దగ్గర మొదలుపెట్టి, కాలిపోయిన చోట మిణుకుమిణుకుమనే హెచ్చరిక ఆన్ చేసి, ఆ మిణుకు పక్షి మీద పోయేదాకా తగ్గించుకోవాలి. నిలబడ్డ పక్షికి 1/500 చాలు. ఎగిరేదానికి 1/2000 కన్నా తగ్గితే రెక్కల చివర్లు చెదిరిపోతాయి.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త. సాయంత్రం అయిదున్నర ఎండలో తెల్లని ముక్కు కూడా పసుపుగా వస్తుంది. అందుకే వైట్ బ్యాలెన్స్ మార్చుకోవడానికి వీలుగా రా ఫైలు (సెన్సార్ నమోదు చేసిన సమాచారం మొత్తం ఉండే ఫైలు) ఉంచుకోవాలి.

ఎంత దూరం నుంచి ఎంత తెలుస్తుంది

ఇది ఊహతో కాదు, లెక్కతో తేలే విషయం. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరాకు 400 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, వంద మీటర్ల దూరంలో మెడ చాచి నిలబడ్డ మీటరు ఎత్తు కొంగను తీస్తే, అది సెన్సార్ మీద 4 మిల్లీమీటర్ల ఎత్తు పడుతుంది. అంటే సుమారు వెయ్యి పిక్సెళ్లు. తల, ముక్కు కలిపి రెండు వందల పిక్సెళ్ల దాకా వస్తాయి. నోటి గీత చూడటానికి అది సరిపోతుంది.

అదే వంద మీటర్లలో పర్ర (తీరంలోని చదునైన బురద నేల) మీద తిరిగే చిన్న పక్షి సాండ్ ప్లోవర్‌ను తీస్తే సంగతి వేరు. ఇందులో పెద్ద, చిన్న అనే రెండు జాతులను విడదీసే ముఖ్యమైన గుర్తు ముక్కు పొడవు. చిన్నదానికి ముక్కు ఒకటిన్నర సెంటీమీటర్ల పైచిలుకు, పెద్దదానికి రెండు సెంటీమీటర్లు దాటుతుంది. ఫొటోలో అవి పదహారు పిక్సెళ్లు, పాతిక పిక్సెళ్లు అవుతాయి. ముక్కు కాస్త వంకరగా తిరిగినా ఆ తేడా మాయమైపోతుంది. నలభై మీటర్ల దగ్గరికి వస్తే నలభై, అరవై పిక్సెళ్లు అవుతాయి, పోల్చి చూడొచ్చు. అంటే చిన్న పక్షుల్లో పేరు తేల్చేది లెన్సు కన్నా ముందు దూరం. 2000, 3000 మిల్లీమీటర్లకు సమానమైన జూమ్ ఉన్న నికాన్ పీ950, పీ1000 లాంటి కెమెరాలు ఈ పనికి బాగానే పనికొస్తాయి. కానీ వాటిని కూడా ఎండమావి ఓడిస్తుంది. ఉదయం తొమ్మిది దాటాక వేడెక్కిన పర్ర మీద గాలి అలలు అలలుగా లేస్తుంది. ఫోకస్ సరిగ్గా ఉన్నా పక్షి అంచులు కరిగినట్టు వస్తాయి. చాలామంది లెన్సు చెడిందనుకుంటారు. ఆ గాలికి మందు దగ్గరికి వెళ్లడం, లేదా పొద్దున్నే వెళ్లడం. మూడో దారి లేదు.

పోటు, పాటు, ఎండ

కాకినాడ తీరం, కుంభాభిషేకం రేవు వైపు బురద పర్రలు, కోరింగ మడ అడవుల అంచులు చలికాలపు వలస పక్షులకు తిండి పెట్టే చోట్లు. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా సైబీరియా, టిబెట్ పీఠభూమి వైపుల నుంచి వచ్చిన ప్లోవర్లు, శాండ్‌పైపర్లు, కర్ల్యూలు, గాడ్‌విట్లు ఇక్కడ మేస్తాయి. 2015లో అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో చేర్చిన గ్రేట్ నాట్ అనే తీరపక్షి కూడా ఇక్కడికి వస్తుంది.

మన తీరంలో ఆటుపోట్ల ఎత్తు గుజరాత్ తీరమంత భారీగా ఉండదు. అయినా పర్ర చదునుగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి నీరు వెనక్కి పోయినా బురద చాలా దూరం బయటపడుతుంది. పాటు సమయంలో పక్షులు ఆ బురదంతా చెల్లాచెదురుగా పరుచుకుంటాయి. గట్టు మీద నిలబడ్డవాళ్లకు చుక్కలే కనిపిస్తాయి. పోటు ఎక్కేకొద్దీ నీరు వాటిని మనవైపు తోస్తుంది. పూర్తి పోటుకు ముందు రెండు గంటలు అసలైన సమయం. మనం కదలకుండా కూర్చుంటే దూరం తనంతట తానే తగ్గుతుంది. బురదలోకి దిగి పక్షుల వైపు నడవాల్సిన పనే లేదు. నడిస్తే అవి లేచిపోతాయి. పైగా మోకాలి లోతు బురదలో పోటు ఎక్కుతుంటే మనకే ప్రమాదం.

దీనికి ఎండ లెక్క కూడా కలపాలి. మనది తూర్పు తీరం. పొద్దున్నే గట్టు మీద నిలబడి సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పక్షులన్నీ నల్లని నీడలుగా వస్తాయి. కాళ్ల రంగు, ముక్కు రంగు ఏదీ తెలియదు. మధ్యాహ్నం మూడు తర్వాత ఎండ వీపు మీద పడుతుంది. కాబట్టి పోటు మధ్యాహ్నం నాలుగు, అయిదు మధ్య నిండే రోజులు కావాలి. రోజుకు రెండు పోట్లు వస్తాయి, మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. ఈ లెక్కన అలాంటి రోజులు పదిహేను రోజులకోసారి ఒకటో రెండో దొరుకుతాయి. పోటు పట్టిక చూసి ముందే గుర్తు పెట్టుకోవాలి. పట్టిక చేతిలో లేకపోతే వేటకెళ్లే మత్స్యకారులను అడిగితే తిథి చూసి చెప్పేస్తారు.

పోటు నిండాక పక్షులన్నీ మిగిలిన కాస్త ఎత్తు దిబ్బ మీద కిక్కిరిసి నిలబడి నిద్రపోతాయి. గుంపు ఫొటోకు ఆశపడి వాటిని లేపడం ఈ అభిరుచిలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. వేల కిలోమీటర్ల ప్రయాణానికి దాచుకుంటున్న కొవ్వును ఆ ఎగురుడులో ఖర్చు పెట్టిస్తున్నాం. కింది ముక్కు పై ముక్కు కన్నా పొడుగ్గా ఉండే ఇండియన్ స్కిమ్మర్ కూడా చలికాలంలో ఇలాంటి ఇసుక దిబ్బల మీదే ఆగుతుంది. దిబ్బ మీది పక్షులు మెడలు చాచి ఒకేవైపు చూడటం మొదలుపెట్టాయంటే మనం ఎక్కువ దగ్గరికి వచ్చేశామని అర్థం. అక్కడే ఆగి రెండడుగులు వెనక్కి వేయాలి.

ఎగిరినప్పుడే తేలేవి

కొన్నింటికి నిలబడ్డ ఫొటో ఎంత బాగున్నా సరిపోదు. దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పుల సమయంలో చేలో తిరిగే ఉల్లంకి పిట్టలే తీసుకోండి. వుడ్ శాండ్‌పైపర్‌కు వీపంతా తెల్లని చుక్కలు, కంటి మీద స్పష్టమైన తెల్ల గీత. గ్రీన్ శాండ్‌పైపర్ ముదురు రంగులో ఉంటుంది. అనుమానం వస్తే రెక్క అడుగు చూడాలి: వుడ్‌కు లేత రంగు, గ్రీన్‌కు దాదాపు నలుపు. మూడోది కామన్ శాండ్‌పైపర్. దీనికి భుజం ముందు తెల్లని పాయ రొమ్ము పక్కకు ఎక్కి కనిపిస్తుంది, తోక ఊపుతూనే ఉంటుంది.

పట్టుబడి అయిపోయి నీరు తోడేసిన రొయ్యల చెరువు ఇంకో మంచి చోటు. అడుగు బురద బయటపడ్డ ఆ నాలుగైదు రోజులు పక్షులు విరగబడి మేస్తాయి. రెడ్‌షాంక్ లేస్తే రెక్కల వెనక అంచు వెడల్పాటి తెలుపు. గ్రీన్‌షాంక్‌కు రెక్కల్లో తెలుపు ఉండదు, తోక నుంచి వీపు మీదకు తెలుపు కోసుగా ఎక్కుతుంది. నల్లతోక గాడ్‌విట్‌కు రెక్క మీద తెల్ల పట్టీ, నల్ల తోక రెండూ కనిపిస్తాయి. వింబ్రెల్, కర్ల్యూ రెంటికీ ముక్కు కిందికి వంగే ఉంటుంది. వింబ్రెల్ తల మీద ముదురు పట్టీలు ఉంటాయి, కర్ల్యూకు ఉండవు, ముక్కు కూడా చాలా పొడుగు. అందుకే పక్షి దానంతట అది లేచేటప్పుడు వరసగా ఓ పది ఫ్రేములు పట్టాలి. ఫోకస్ సరిగ్గా లేని ఫ్రేములను కూడా అప్పుడే తుడిచేయొద్దు. తెల్ల పట్టీ ఎక్కడుందో మసక ఫొటోలోనూ తెలుస్తుంది.

చెరువు గట్టు ఎక్కేముందు రైతునో కాపలా మనిషినో అడగాలి. మర్యాద ఒక్కటే కారణం కాదు. ఒక చెరువు బురద అంటిన చెప్పులతో ఇంకో చెరువు గట్టెక్కితే రొయ్యలకు రోగం మోసుకెళ్లినట్టే. వాళ్ల భయం న్యాయమైనది.

రాత్రి తిరిగే జంతువులు

కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఈ మడ అడవిలో బావురు పిల్లి, నీటికుక్క ఉంటాయి. వీటిని ఎదురుగా ఫొటో తీయడం అరుదు. తరచుగా దొరికేవి అడుగులే. నీటికుక్కకు అయిదు వేళ్లు పడతాయి, పిల్లి జాతికి నాలుగు. పిల్లి అడుగులో గోళ్లు పడవు, కుక్క అడుగులో పడతాయి అన్నది అందరికీ తెలిసిన సూత్రం. బావురు పిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి మెత్తటి బురదలో గోటి గుర్తు పడొచ్చు. గోళ్లు కనిపించాయని కుక్క అని రాసేయొద్దు. అడుగు పక్కన స్కేలో, అగ్గిపెట్టో పెట్టి నిటారుగా పైనుంచి తీయాలి. తర్వాత నడక వరస మొత్తం వచ్చేలా ఇంకోటి తీయాలి. ఎండ పక్క నుంచి పడితే లోతు తెలుస్తుంది, నడినెత్తిన ఉంటే అడుగు చదునుగా కనిపిస్తుంది.

అదృష్టం బాగుండి పిల్లే కనిపిస్తే, ఒళ్లంతా వరసలుగా నల్ల చుక్కలు, పొట్టి తోక, బలమైన శరీరం ఉంటే బావురు పిల్లి. చుక్కలు లేకుండా పొడుగు కాళ్లతో, చెవి కొన మీద చిన్న జుట్టుతో ఉంటే అడవిపిల్లి. రాత్రి ఫ్లాష్ వేయొద్దు. కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్ తీరంలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకైతే ఫ్లాషూ టార్చీ రెండూ చేటే, అవి గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ఫొటోలు తీయాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. గూళ్లను, గుడ్లను కదిలించడం ఆ చట్టం దృష్టిలో వేట కిందికే వస్తుంది. మడ అడవిలో ఇంకో జాగ్రత్త, ఫొటోకు అడ్డంగా ఉందని కొమ్మ విరవొద్దు. అది తిల్ల చెట్టయితే కారే పాలు కంట్లో పడి చూపు పోయే ప్రమాదం ఉంది.

ఉప్పు, చెమ్మ

తీరం నుంచి రాగానే కెమెరాను, లెన్సు గొట్టాన్ని మంచినీటితో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. పొడి గుడ్డతో తుడిస్తే ఉప్పు కణాలు రుద్దుకుని గీతలు పడతాయి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. సంచిలోనే అరగంట ఉంచి అప్పుడు తీయాలి. డెల్టా చెమ్మకు లెన్సులో బూజు పట్టడం మామూలే. గాలి బిగించే డబ్బాలో సిలికా జెల్, చెమ్మ కొలిచే చిన్న హైగ్రోమీటరు పెట్టి చెమ్మ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచాలి. తోలు సంచిలో నెలల తరబడి దాచడం బూజును పెంచడమే.

పేరు రాసేటప్పుడు

గుర్తింపు యాప్‌లు సాయం చేస్తాయి, కానీ అవి ఇచ్చేది సూచనే. తెల్లకొంగల్లోనూ సాండ్ ప్లోవర్లలోనూ అవి తరచుగా తడబడతాయి, ఎందుకంటే మనం ఇచ్చిన ఫొటోలోనే తేల్చే గుర్తు ఉండదు. ఐనాచురలిస్ట్‌లో (అందరూ ఫొటోలు పెట్టి పేర్లు తేల్చే వెబ్‌సైటు) కనీసం ఇద్దరు చూసి, మూడింట రెండొంతుల మంది కన్నా ఎక్కువమంది ఒకే పేరు చెబితేనే ఆ నమోదు పరిశోధన స్థాయికి చేరుతుంది. ఒక్క అందమైన ఫొటో కన్నా పక్కనుంచి ఒకటి, కాళ్లతో ఒకటి, ఎగిరేది ఒకటి కలిపి పెడితే చూసేవాళ్ల పని తేలిక. కెమెరా గడియారం ఫోను గడియారంతో సరిపోయిందో లేదో బయల్దేరే ముందే చూసుకోవాలి. గంట తేడా ఉంటే అది ఏ పోటుకు కనిపించిందో లెక్క తప్పుతుంది. ఈబర్డ్‌లో (పక్షులను చూసిన లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు) రాసేటప్పుడు కనిపించిన జాతులన్నీ, సంఖ్యతో సహా రాయాలి, మామూలు కాకిని కూడా. అరుదైనదొక్కటే రాస్తే మిగతావి లేవో, ఉన్నా రాయలేదో తర్వాత చూసేవాళ్లకు తెలియదు. 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొంటే ఈ లెక్క పెట్టే పద్ధతి చేతికి అలవాటవుతుంది.

తేలని పక్షికి బలవంతంగా పేరు పెట్టనక్కర్లేదు. "పెద్ద లేదా మధ్యరకం తెల్లకొంగ" అని రాయడం తప్పు పేరు రాయడం కన్నా ఎంతో విలువైనది. గూళ్లున్న చెట్టు, బావురు పిల్లి అడుగులు దొరికిన కాలువ మలుపు లాంటి చోట్లను మాత్రం బయటపెట్టకుండా, మండలం పేరుతో ఆపేసి, ఫొటోలోని జీపీఎస్ వివరాలు తీసేశాకే పంచుకోవాలి.